హోల్డాన్ అంజయ్య, ఆర్డినరీ కుక్క

రావల్కోల్ అంజయ్యకు ఒకటే రోగం. ఆగడం.

మామూలు మనుషులు అలిసిపోతే ఆగుతారు, పనుంటే ఆగుతారు. అంజయ్య ఉత్తపుణ్యానికి ఆగుతాడు. నాలుగడుగులు నడుస్తాడో లేదో టక్కున నిలబడతాడు. మెడ వెనక్కి తిప్పి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టి, "ఎన్క ఎవరన్న ఉన్నరా?" అంటాడు. ఎవరూ ఉండరు. అయినా ఇంకాసేపు చూస్తాడు. అప్పుడు "రైట్ రైట్" అని తనకు తానే చెప్పుకుని కదులుతాడు.

బతుకంతా బస్సు కండక్టరుగా చేసినవాడు. ఉద్యోగం అతన్ని వదిలింది గానీ బస్సు ఆపించే ఆ 'హోల్డాన్' కేక అతన్ని వదల్లేదు. మేనల్లుడి బరాత్‌లో డీజే బండికి అడ్డం నిలబడి, పెళ్ళికొడుకు మేనత్త మోకాళ్ళ నొప్పులతో వెనకబడిందని ఊరేగింపు మొత్తాన్ని ఆపేశాడు. బోనాలప్పుడైతే ఏకంగా పోతరాజునే ఆపాడు. కొరడా ఝళిపిస్తూ ఊగిపోతున్న పోతరాజు ముందుకు వెళ్ళి చెయ్యి ఎత్తి "హోల్డాన్!" అన్నాడు. పోతరాజు పూనకంలోనే ఆగి, "ఏమైందే మామా?" అని అడిగాడు.

"నా పెండ్లిల ఏడడుగులు నడవనీకె అయ్యగారు పరేషాన్ అయిండు," అంటుంది అంజయ్య భార్య శంకరమ్మ. "మూడో అడుగుల నిలవడ్డడు! చీర కుచ్చిళ్ళు కాళ్ళకు తగులుకొని నేను ఎన్కవడ్డ, గది వేరే ముచ్చట. గాని మొగోడు గట్ల నిలవడ్తడా?"

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు అతని బస్సు మేడ్చల్ ఎప్పుడు చేరుతుందో అందులో కూర్చున్నవాళ్ళకు కూడా తెలిసేది కాదు. దారిలో ఆగినన్ని ఆగడాలు ఒక ఎత్తు, రావల్కోల్ మలుపు దగ్గర ఆగడం ఒక ఎత్తు. విజిల్ వేసి బస్సు ఆపేవాడు. కిందికి దిగేవాడు. ముందు టైరును ఒక తన్ను, వెనక టైరును ఒక తన్ను, మళ్ళీ ముందుకొచ్చి ఇంకో తన్ను. డ్రైవర్ ఎల్లయ్య స్టీరింగ్ మీద తల పెట్టుకుని పడుకునేవాడు.

"ఓ అంజన్నా, నిన్ననే చూసినవ్ గద గాలి!" అని లోపల్నుంచి అరిచేవారు.

"నిన్నటి గాలి నిన్ననే పాయె," అనేవాడు అంజయ్య, ఇంకో టైరు తన్నుతూ.

ఆలస్యానికి మెమోలు వచ్చేవి. ప్రయాణికులు తిట్టేవారు. బడి పిల్లలైతే అతనికి టైర్ల అంజయ్య అని పేరే పెట్టేశారు. ఆ పేరు ఎక్కువ మోసింది మాత్రం అంజయ్య కాదు, అతని ఒక్కగానొక్క కూతురు శోభారాణి. "టైర్లోళ్ళ పిల్ల వచ్చింది, జరుగుర్రి" అని పిల్లలు నవ్వుతుంటే, తల వంచుకుని అందరికన్నా ఆఖర్న బస్సెక్కి, మెట్టు మీదే నిలబడేది.

శోభారాణికి ముందుకు రావడం చేతకాదు. క్లాసులో హాజరు పిలిస్తే ఆ పిల్ల "ఎస్ సార్" అనడం సారుకు వినపడక ఆబ్సెంట్ పడేది. బడి ఫోటోలో ఆ పిల్ల ఉందనడానికి సాక్ష్యం ఆఖరి వరసలో ఒక చెవి. పెదవులు కదులుతాయి, గాలి వస్తుంది, మాట రాదు. ఇంట్లో మాత్రం తల్లితో సమానంగా కొట్లాడుతుంది. గడప దాటితే గొంతు గడప లోపలే ఉండిపోతుంది.

తండ్రి రిటైరయ్యాక ఆ బస్సుకు కొత్త కండక్టర్ వచ్చాడు. చెయ్యెత్తితే ఆపే మనిషే. శోభారాణికి చెయ్యి లేవలేదు. ఆ మలుపు దగ్గర నిలబడి, దుమ్ము రేపుకుంటూ పోయే బస్సును చూసి, ఇంటికి తిరిగొచ్చిన రోజులే ఎక్కువయ్యాయి. ఇంటర్ రెండో ఏడు సగంలో "నాకు చదువు మీద మనసు లేదు" అని చెప్పేసి కుట్టుమిషను ముందు కూర్చుంది. శంకరమ్మ తిట్టింది. అంజయ్య మాత్రం వాకిట్లో నిలబడి చాలాసేపు వెనక్కి చూశాడు, అంతే.

ఇలా ఉండగా ఆ పిల్లకు ఒక ఉద్యోగం వచ్చింది.

గుండ్లపోచంపల్లిలో కొత్త కాలనీ ఒకదాంట్లో శ్రీదివ్య అని ఒకామె ఉంటుంది. వాళ్ళది గోదావరి వైపు. వారమంతా కంప్యూటరు ముందు ఉద్యోగం, ఆదివారం మాత్రం ఆడవాళ్ళను పోగేసుకుని షామీర్‌పేట చెరువు వెనక గుట్టల్లో నడకకు తీసుకెళ్తుంది. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చి, శోభారాణికి ఆ గుట్టల్లో సీతాఫలాల కోసం చిన్నప్పట్నుంచి తిరిగిన అలవాటు ఉందని తెలుసుకుంది.

"శోభా, నాకు ఇద్దరు కావాలి," అంది. "ముందు ఒక కుక్క, వెనక ఒక మనిషి. కుక్కను కూడా నువ్వే చూసి తేవాలి. పోయినసారి ఒకావిడ వెనకబడి దారి తప్పింది. మేం వెతుక్కుంటూ వెళ్ళేసరికి తంగేడు పొదల్లో కూర్చుని ఏడుస్తోంది. కుక్క ముందుంటే పాములూ పందులూ తెలుస్తాయి, వీళ్ళకు ధైర్యం. వెనక నువ్వుండు. ఎవరైనా ఆగిపోతే గట్టిగా ఒక్క కేక వెయ్యి. అంతే."

శోభారాణి గుండె ఆ 'అంతే' దగ్గరే ఆగింది.

"కుక్క నడకకు అలవాటుపడ్డాక ఒక ఆదివారం చూద్దాం. బాగుంటే ప్రతి వారం నువ్వే. కుదరకపోతే ఏమీ అనుకోకు, ఎవరైనా ఏజెన్సీ వాళ్ళను పెట్టుకుంటాను. ఏమంటావ్?"

శోభారాణి తల ఊపింది. కేక వెయ్యడం రాదని చెప్పలేదు. ఎలా చెబుతుంది? లోకంలో ఆఖర్న నడవడమే పని అయిన ఉద్యోగం ఇదొక్కటే ఉంది. అది తన గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

ఆ రోజు నుంచి రోజూ గేదెల కొట్టంలోకి వెళ్ళి తలుపేసుకుని "ఆగండీ!" అని సాధన చేసింది. గేదె చెవి కూడా కదపలేదు.

ఇక కుక్క సంగతి.

"కుక్క ముచ్చట నాకిడిచిపెట్టు బిడ్డా," అన్నాడు అంజయ్య. శోభారాణికి రెండో భయం అక్కడ పట్టుకుంది.

అల్వాల్‌లో కుక్కపిల్లలు అమ్మే నగేష్ దగ్గరికి తండ్రీ కూతుళ్ళు వెళ్ళారు. నగేష్ హుషారుగా ఒక నీలికళ్ళ కుక్కను బయటికి తెచ్చాడు.

"హస్కీ అన్నా. మంచుల బండి గుంజుతది."

"ఏసీ బస్సు," అన్నాడు అంజయ్య. "మేడ్చల్ ఎండకు బానెట్ల కెల్లి పొగలొస్తయ్. వద్దు."

"గయితే లాబ్రడార్. మస్తు మంచి గుణం. ఈత కూడ కొడ్తది."

ఆ మంచి గుణం అప్పటికే అంజయ్య లాల్చీ జేబులో ముక్కు పెట్టి, దారిలో తినడానికి తెచ్చుకున్న ఉస్మానియా బిస్కెట్లు కవరుతో సహా నములుతోంది.

"గిది ప్రతి హోటల్ కాడ ఆపుతది. వద్దు."

"జర్మన్ షెపర్డ్ సూడు మరి. పోలీసులే పెంచుతరు."

"డీలక్స్. సీట్లు మెత్తగుంటయ్ గని, వయసు మీదవడ్డదంటే ఎన్క షాకప్పులు పోతయ్. రాళ్ళు ఎక్కాలె గిది."

"ముధోల్!" అన్నాడు నగేష్, పంతం పెరిగి. సన్నటి పొడుగాటి కుక్క, కాళ్ళు కర్రల్లా ఉన్నాయి. "ఎండకు దేక్కోదు. కుందేలు కనవడ్డదంటే కర్ణాటకల తేల్తది."

"నాన్‌స్టాప్. మరి నడుమ దిగేటోళ్ళు ఏంగావాలె?"

"అన్నా, నీకు కుక్క గావాల్నా, బస్సు గావాల్నా?"

"రెండూ గావాలె."

నగేష్ దండం పెట్టాడు. "గుట్టలల్ల నడవాలంటే పొట్టి బొచ్చుండాలె, పంజా గట్టిగుండాలె, ఎండ తట్టుకోవాలె, ఏది వెడ్తె గది తినాలె. గన్నీ ఉన్న కుక్క మీ మేడ్చల్ బస్టాపుల పండుకున్నది. పోయి తీస్కోరాదు! నన్నేంటికి సతాయిస్తున్నవ్?"

నగేష్ వెటకారంగా అన్నాడు. అంజయ్య దాన్ని వెటకారంగా తీసుకోలేదు. "శబాష్!" అని అతని భుజం తట్టి, కూతుర్ని తీసుకుని నేరుగా మేడ్చల్ బస్టాపుకు వచ్చాడు.

అక్కడ నిజంగానే ఒకటి పడుకుని ఉంది. ఇటుక రంగు, ఒక చెవి మడత. బస్సు వచ్చి ఆగగానే లేచి నిలబడింది. దిగేవాళ్ళందర్నీ, ఆఖరి ముసలమ్మ దిగేదాకా, ఒక్కొక్కర్నీ చూసింది. ఆమె దిగాక నిట్టూర్చి మళ్ళీ పడుకుంది. ఇంకో బస్సు వచ్చింది. మళ్ళీ లేచింది.

అంజయ్య మొహం వెలిగిపోయింది. "సూసినవా బిడ్డా? డ్యూటీల ఉన్నది!"

పశువుల దవాఖానలో సూదులు వేయించి, స్నానం చేయించి, ఇంటికి తెచ్చి 'ఆర్డినరీ' అని పేరు పెట్టాడు.

శంకరమ్మ నోరు నొక్కుకుంది. "కుక్కకు టైగరనో, రాజానో పేరు వెడ్తరు. ఆర్డినరీ ఏందయ్యా?"

"ప్రతి స్టాపుల ఆగుతది. అన్ని ఊర్లు తిరుగుతది. స్పేర్ పార్టులు ఏడైన దొరుకుతయ్. ఇంకేం గావాలె?"

చలికాలం పొద్దుల్లో శిక్షణ మొదలైంది. ముందు పొలం గట్ల మీద, కాళ్ళు గట్టిపడ్డాక రాళ్ళ మీద. ఒక విజిల్ వేస్తే ఆగాలి. రెండు వేస్తే కదలాలి. పక్కన నడవమనడానికి "జరుగు జరుగు, లోపటికి జరుగు" అనేవాడు. నెమలి కనపడి కుక్క దాని మీదికి దూకబోతే "టికెట్ లేదు!" అని గర్జించేవాడు. ఆర్డినరీ సిగ్గుపడి వెనక్కి వచ్చేది. ఎండెక్కితే బండ మీద తన అరచెయ్యి ఆనించి చూసి, "సీటు కాల్తాంది, ట్రిప్పు క్యాన్సల్" అని ఇంటికి మళ్ళించేవాడు. గుక్కెడు తను తాగితే గుక్కెడు కుక్కకు దోసిట్లో పోసేవాడు.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఆర్డినరీకి విజిల్ మీద ఎంత భక్తి కుదిరిందంటే, ఒకనాడు కరెంటు స్తంభం దగ్గర కాలెత్తి నిలబడ్డ సమయానికి రోడ్డు మీద ఏదో బస్సు విజిల్ వినపడింది. ఆర్డినరీ ఎత్తిన కాలు అలాగే ఉంచి ఆగిపోయింది. ఆ బస్సులో ఎవరో సంచీ దించుకోవడంలో ఆలస్యమై, రెండో విజిల్ చాలాసేపటికి గానీ రాలేదు. అంతసేపూ కుక్క మూడు కాళ్ళ మీద వణుకుతూ నిలబడింది గానీ కాలు దించలేదు. అంజయ్య గర్వంతో పొంగిపోయాడు. శోభారాణికి చెమటలు పట్టాయి.

అంతకన్నా పెద్ద బెంగ ఇంకొకటి వచ్చింది. కుక్క విజిల్ వెయ్యకపోయినా ఆగడం మొదలుపెట్టింది. నడుస్తూ నడుస్తూ టక్కున నిలబడుతుంది. మెడ వెనక్కి తిప్పి చూస్తుంది. అచ్చం అంజయ్యే. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఒక్కటే తక్కువ.

"బాపూ, గిది మల్ల ఆగింది!" అంది శోభారాణి, వెనకనుంచి పరిగెత్తుకొచ్చి.

"ఆగనీ."

"నువ్వు విజిల్ ఏయలే గద!"

"ఏయకున్నా ఆగుతది. గదే ట్రైనింగ్."

"మేడమ్ నడిచే కుక్కను తెమ్మన్నది బాపూ, ఆగే కుక్కను గాదు! నీ రోగం దానికి అంటించినవ్!"

"నువ్వు ముంగటికెందుకొచ్చినవ్? ఎన్కకు పో. గా కంప సాటుకు పోయి కూసో. కుక్కకు కనవడకు."

రోజూ ఇదే. తండ్రీ కుక్కా ముందు దర్జాగా నడవడం, శోభారాణి వెనక సర్కారు తుమ్మల చాటున చీమలు కుట్టించుకుంటూ కూర్చోవడం. అక్కడికి కనపడేది ఏమీ లేదు. "శబాష్! శబాష్ బిడ్డా!" అని తండ్రి కుక్కను మెచ్చుకోవడం మాత్రం వినపడేది. తను అడ్డమని దూరం పెడుతున్నాడనుకుంది. కుక్క కూడా తనకంటే చురుకే కాబోలు అనుకుంది.

శంకరమ్మకు సంగతి తెలిసి మండిపడింది. "ఆడివిల్లను కంపల్ల కూసోవెట్టి కుక్కకు కోడిగుడ్లు తినిపిస్తున్నవా? నీకేమన్న బుద్ధున్నదా?"

"డ్యూటీల మాట్లాడొద్దు," అన్నాడు అంజయ్య.

ఆ ఆదివారం రానే వచ్చింది. రిటైరయ్యాక ఎల్లయ్య ఆటో నడుపుతున్నాడు. తెల్లవారుజామున ముందు ఎల్లయ్య, వెనక శోభారాణి, కాళ్ళ దగ్గర ఆర్డినరీ, అంచున సగం బయటికి వేలాడుతూ అంజయ్య. ఖాళీ రోడ్డు మీద కూడా "రైట్, పోనియ్" అంటూ షామీర్‌పేట దాకా వచ్చాడు.

"బాపూ, నీ కాళ్ళు మొక్కుత," అంది శోభారాణి ఆటో దిగుతూ. "నువ్వు మాతోని గుట్టలకు రావద్దు. గీ చాయ్ హోటల్ కాడనే ఉండు. విజిల్ నాకియ్యి."

అంజయ్య జేబులోంచి విజిల్ తీసి ఇచ్చాడు. కానీ శ్రీదివ్య చూసి తల అడ్డంగా ఊపింది. "విజిళ్ళు వద్దు శోభా. పిట్టలు బెదిరిపోతాయి. వీళ్ళంతా పిట్టల కోసమే వచ్చారు."

విజిల్ మళ్ళీ అంజయ్య జేబులోకి వెళ్ళింది. శోభారాణి ఒంట్లో ఉన్న కాస్త ధైర్యం కూడా దాంతోపాటే వెళ్ళింది.

టోపీలు, చేతికర్రలు, సీసాలు పట్టుకుని ఆడవాళ్ళు గుండ్రంగా నిలబడ్డారు. అందులో శ్రీదివ్య అత్తగారు జానకీదేవి కూడా ఉంది. గుట్టల్లో నడక ఆమెకు మొదటిసారి. "నాకేంటమ్మా, మా ఊళ్ళో కాలవ గట్టు మీద పొద్దునా సాయంత్రం నడిచినదాన్ని," అని వచ్చింది. అటక మీద ఏళ్ళ తరబడి పడున్న కొడుకు సుధీర్ బూట్లు దులిపి తొడుక్కుంది.

అందరూ ఒక్కొక్కరే పేర్లు చెప్పుకుంటున్నారు. వరస తన వైపు వస్తుంటే శోభారాణి ఆర్డినరీ తాడు గట్టిగా పట్టుకుంది. వచ్చేసింది. నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. అప్పుడే ఆర్డినరీ "భౌ" అంది. అందరూ పకపకా నవ్వారు.

"ఈమె శోభారాణి. మన ఆఖరి మనిషి," అని శ్రీదివ్యే చెప్పి, ఆర్డినరీ తాడు తను అందుకుని నడక మొదలుపెట్టింది.

ఆర్డినరీ ముందు బాగానే నడిచింది. పొదల్లో ముంగిస పరిగెడితే చెవులు నిక్కించి ఊరుకుంది, దూకలేదు. శోభారాణికి కాస్త ఊపిరాడింది. దారి సన్నబడి, బండలు మొదలై, వరస సాగగానే ఆర్డినరీ ఆగింది. మెడ తిప్పింది. వెనకెక్కడో వస్తున్న శోభారాణి ఒక బండ ఎక్కి కనిపించగానే మళ్ళీ నడిచింది. ఇంకాస్త దూరం పోయాక మళ్ళీ ఆగింది.

"డీజిల్ అయిపోయిందేమో!" అంది ఒకావిడ.

"పేరు ఆర్డినరీ కదండీ, ఎక్స్‌ప్రెస్ అనుకున్నారా?" అంది ఇంకొకావిడ.

నవ్వులు. శ్రీదివ్య నవ్వలేదు. నాలుగోసారి ఆగేసరికి ఆమె గొంతు వెనకదాకా వినపడింది. "ఏమైందే దీనికి? ఇలాగైతే ఎండెక్కేలోపు దిగుతామా?"

శోభారాణికి వచ్చే ఆదివారం తన చోట టోపీ పెట్టుకుని నడిచే ఏజెన్సీ మనిషి కళ్ళ ముందు కనిపించాడు. తండ్రి మీద కోపం, కుక్క మీద కోపం, అన్నిటికన్నా తన గొంతు మీద కోపం.

సరిగ్గా అప్పుడు తన ముందు నడుస్తున్న జానకీదేవి "అయ్యో!" అని నిలబడింది.

కుడి బూటు అడుగు ఊడి, దారిలో పడుకున్న బల్లిలా వెనక పడి ఉంది. జానకీదేవి కాలు పైకెత్తి చూసుకుంది. బూటు పైభాగం ఉంది, మేజోడు ఉంది, కింద ఏమీ లేదు.

శోభారాణి గాభరాగా ముందుకు చూసింది. వరస బండల మలుపు తిరుగుతోంది. కేక వెయ్యాల్సింది ఇప్పుడే. ఊపిరి పీల్చుకుంది.

"అమ్మాయ్, అరిచావంటే నా మీద ఒట్టే!" అని జానకీదేవి ఆమె చెయ్యి పట్టుకుంది. "మా కోడలు నిన్న రాత్రి నుంచీ చెబుతూనే ఉంది, ఆ పాత బూట్లు వద్దత్తయ్యా అని. నేను వినలేదు. ఇప్పుడు ఇలా చూసిందంటే ఈ జన్మంతా నేను దానికి లోకువే."

"మరి... వాళ్ళు... పోతాండ్రు..."

"ఏదో ఒకటి కట్టు తల్లీ. కుట్టుపని వచ్చుగా నీకు?"

శోభారాణి చున్నీ అంచు చింపి, అడుగును బూటుకు అదిమిపెట్టి, అడ్డంగా నిలువుగా కట్టింది. ముందువాళ్ళ మాటలు సన్నబడ్డాయి. కట్టడం అయింది. జానకీదేవి లేచి, రాజసంగా ఒక అడుగు వేసింది. ఎడమ బూటు అడుగు ఊడింది.

"అదీనా?" అని జానకీదేవి దాన్ని అడిగింది.

రెండోది కట్టేసరికి గాలి హోరులో వాళ్ళ మాట ఒక్కటీ వినపడలేదు. మలుపు దగ్గర దారి మూడుగా చీలుతుంది. వాళ్ళు ఎటు పోయారో తెలియదు. ఒట్టు సంగతి పక్కన పెట్టి శోభారాణి నోరు తెరిచింది. "ఆ..." గాలే వచ్చింది. మళ్ళీ తెరిచింది. మళ్ళీ గాలే. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయిపోయింది, ఒకావిడ తప్పిపోకుండా చూడమంటే ఇద్దరం తప్పిపోయాం అనుకుంటూ, జానకీదేవి చెయ్యి పట్టుకుని మలుపు తిరిగింది.

తిరగ్గానే అందరూ అక్కడే ఉన్నారు.

మధ్య దారిలో, రెండు గుండ్ల సందులో, ఆర్డినరీ రోడ్డుకు అడ్డంగా నిలిపిన లారీలా పడుకుని ఉంది. శ్రీదివ్య తాడు పట్టి లాగుతోంది. ఒకావిడ బిస్కెట్ చూపిస్తోంది, ఇంకొకావిడ పూరీ చూపిస్తోంది. ఆర్డినరీ ఎవర్నీ లెక్కచెయ్యడం లేదు. వాళ్ళ కాళ్ళ సందుల్లోంచి మలుపు వైపే చూస్తోంది. జానకీదేవి కనిపించింది. కదల్లేదు. ఆమె వెనక శోభారాణి కనిపించింది. ఆర్డినరీ లేచి, ఒళ్ళు దులుపుకుని, ఏమీ జరగనట్టు ముందుకు నడిచింది.

శ్రీదివ్య కుక్కను చూసింది, శోభారాణిని చూసింది, అత్తగారి కాళ్ళను చూసింది.

"అత్తయ్యా, ఆ బూట్లు..."

"బాగానే ఉన్నాయమ్మా. చలిగా ఉందని గుడ్డ చుట్టుకున్నాను."

శ్రీదివ్య పెదవి కొరుక్కుంది. ఆమె కంప్యూటరు మనిషి కదా, దేన్నైనా పరీక్షించి చూడాలి. "శోభా, ఒకసారి ఆ బండ వెనక్కి వెళ్ళు," అంది. వెళ్ళింది. కుక్క ఆగింది. "రా." వచ్చింది. కుక్క నడిచింది. మిగతావాళ్ళకూ సరదా పుట్టి ఒక్కొక్కరే బండ చాటుకు వెళ్ళి చూశారు. ఆర్డినరీ వాళ్ళ కోసం ఒక్క క్షణం ఆగలేదు. జానకీదేవి వెళ్ళినా ఆగలేదు. "కుక్కకు కూడా లోకువైపోయాను," అందామె.

"మాకెవ్వరికీ ఆగదు, నీకొక్కదానికే ఆగుతుంది," అంది శ్రీదివ్య, నెమ్మదిగా అర్థం చేసుకుంటూ. "నువ్వు ఆఖరి మనిషివి. నువ్వు కనిపిస్తే నీ ముందున్నవాళ్ళంతా ఉన్నట్టే. ఇక నువ్వు కేకలెయ్యక్కర్లేదు శోభా. ఎవరి దగ్గరైనా ఆగు చాలు. అది మమ్మల్ని ఆపుతుంది. వచ్చే వారం ఇదే టైముకు వచ్చెయ్."

శోభారాణి తల ఊపింది. ఈసారి తల చాలాసేపు ఊగింది.

కిందికి దిగేసరికి చాయ్ హోటల్ ముందు అంజయ్య రోడ్డు మీద నిలబడి గుట్ట వైపే చూస్తున్నాడు. ఎల్లయ్య బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"పొద్దటిసంది గట్లనే నిలవడ్డడు," అన్నాడు ఎల్లయ్య. "చాయ్ కూడ నిలవడే తాగిండు."

శ్రీదివ్య నేరుగా వచ్చి అడిగింది. "అంజయ్య గారూ, కుక్కకు ఇది ఎలా నేర్పారు?"

"నేనేం నేర్పిన మేడమ్? దాని గుణమే గంత," అన్నాడు అంజయ్య, చూపు పక్కకు తిప్పుకుని. "నడుమ నడుమ ఆగి గాలి చూస్తది."

ఎల్లయ్యకు చాయ్ పొలమారింది. "ఏంది? గాలి చూస్తదా? మేడమ్, గీయిన టైర్ల గాలి చూసుడు నా కండ్లార చూసిన. కాలు టైరును తంతది, కండ్లు మాత్రం పొలం గట్టు మీదుంటయ్. పిల్లగాండ్లందరు ఎక్కుతరు. ఆఖరికి గీ పోరి తలకాయ వంచుకొని నిమ్మళంగ నడుసుకుంట వస్తది. చెయ్యెత్తదు, ఆపమనదు. గీమె మెట్టెక్కిందంటే గప్పుడు సరిపోతది టైర్ల గాలి! మెమో వస్తే నాకూ వచ్చేది."

"ఊకోవోయ్," అన్నాడు అంజయ్య. "టైర్లు నిజంగనే..."

"బాపూ," అంది శోభారాణి.

అంజయ్య ఆర్డినరీ మడత చెవిని సవరించాడు. అది మళ్ళీ మడతపడింది. మళ్ళీ సవరించాడు. "పిలవనీకె రాని పిల్లవు నువ్వు. నేను డ్యూటీ దిగినంక బస్సు నీకోసం ఆగకపాయె," అన్నాడు కుక్కతో మాట్లాడుతున్నట్టు. "కుక్కన్న ఆగాలె గద బిడ్డా."

ఆ తుమ్మల చాటున కుట్టిన చీమలన్నీ శోభారాణికి ఒక్కసారి గుర్తొచ్చాయి. తండ్రి మెచ్చుకున్న "శబాష్"లన్నీ గుర్తొచ్చాయి. ప్రతి ఒక్కటీ తను కనపడకుండా పోయినందుకు కుక్క ఆగిన ఆగడం.

ఏదో అనాలనుకుంది. వంగి, మళ్ళీ మడతపడ్డ ఆ చెవిని తనూ ఒకసారి సవరించింది.

"సరే, ఎక్కుర్రి ఎక్కుర్రి, ఎండైతాంది," అని ఎల్లయ్య వెళ్ళి ఆటో స్టార్ట్ చేశాడు. శోభారాణి ఎక్కింది. ఆర్డినరీ ఎక్కలేదు. కింద నిలబడి వెనక్కి చూస్తోంది. ఎల్లయ్య చూసుకోకుండా గేరు వేశాడు. ఆటో కదిలింది. శోభారాణి తిరిగి చూసింది. అంజయ్య ఇంకా హోటల్ ముందే ఆగి ఉన్నాడు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టి గుట్ట కింద ఆపిన కార్ల వైపు చూస్తూ, జానకీదేవి గుడ్డ చుట్టిన కాళ్ళతో కారు దాకా చేరిందో లేదో కనిపెడుతున్నాడు. ఈసారి ఆఖరి మనిషి అతనే.

"హోల్డాన్!!!"

ఎవరు అరిచారో మొదట శోభారాణికే తెలియలేదు. చాయ్ హోటల్లో గ్లాసులు గలగలమన్నాయి. చెట్టు మీద పిట్టలన్నీ లేచిపోయాయి. ఎల్లయ్య బ్రేకు తొక్కాడు. దానికన్నా ముందు, మేడ్చల్ వైపు పోతున్న నిండు బస్సు ఒకటి కీచుమని రోడ్డు మధ్యలో ఆగింది.

కండక్టర్ తలుపులోంచి తల బయటికి పెట్టాడు. "ఎవరు ఆపింది?"

అందరూ శోభారాణి వైపు చూశారు. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. తల వంచుకోబోయింది. ఎందుకో వంచుకోలేదు.

"నేనే," అంది.

"ఎక్కుతవా మరి?"

"లేదు."

"ఎక్కనిదానివి ఎందుకాపినవ్ తల్లీ, బస్సు?"

దానికి జవాబు అంజయ్య దగ్గర ఉంది. మెల్లగా నడిచి వచ్చి బస్సు ముందు టైరును ఒక తన్ను తన్నాడు. చెవి పెట్టి విన్నాడు. జేబులోంచి విజిల్ తీసి రెండుసార్లు వేశాడు.

"గాలి మంచిగనే ఉన్నది," అన్నాడు. "రైట్ రైట్!"

బస్సు కదిలింది. దాని వెనక ఆర్డినరీ కూడా, రెండు విజిళ్ళు వినపడ్డాయి కాబట్టి, బుద్ధిగా మేడ్చల్ వైపు నడక మొదలుపెట్టింది.